డాబా మీద ప్రయోగశాల

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో, ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయట చెప్పులు వేసుకుంటూ ఉండగా, ఎవరో ఒక తల్లో తండ్రో మా దగ్గరకు వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతారు. "మాస్టారూ, ఫలానా కాలేజీలో ప్రయోగాలు కంప్యూటరులోనే చేయిస్తారట. మంచిదేనంటారా? పిల్లను చేర్చమంటారా?"

నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదది. మా ఇంట్లో జరిగిన సంగతి చెబితేనే గాని అర్థం కాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేమంటే భార్యాభర్తలము. మాలో ఒకరు జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 సంవత్సరాలు సైన్సు చెప్పి రిటైరయ్యారు. మరొకరు ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకుని ఊరి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతున్నారు. ఈ సంగతిలో ఎవరి తప్పు ఎంతో, ఎవరి తెలివి ఎంతో విడదీయడం కష్టం గనుక 'మేము' అనే రాస్తున్నాము.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేనాటికి మా అమ్మాయి ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతోంది. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. హాస్టలు ఖాళీ చేయమంటే ఒక సూట్‌కేసు, ఒక పరుపుచుట్టతో ఇంటికి వచ్చింది. రెండు వారాల్లో తిరిగి వెళుతుందనుకున్నాము. రెండో సంవత్సరం పాఠాలు కూడా ఫోనులోనే మొదలయ్యాయి. మా ఇంట్లోకి సిగ్నలు సరిగా రాదు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం వస్తుంది. అక్కడ ఒక నులకమంచం వేసి, ఎండ తగలకుండా పైన పాత చీర కట్టి ఇచ్చాము. అదే ఆ పిల్ల కాలేజీ.

ఒకరోజు సాయంత్రం టీ తీసుకుని పైకి వెళితే, "ఇప్పుడు కాదమ్మా, ల్యాబులో ఉన్నాను" అంది. ల్యాబు ఎక్కడుందా అని ఇద్దరమూ వంగి చూశాము. తెర మీద ఒక డయోడు, ఒక ఓల్టుమీటరు, ఒక అమ్మీటరు బొమ్మలు ఉన్నాయి. పిల్ల వేలితో తీగలు లాగి ఒకదానికొకటి కలుపుతోంది. మీట జరిపితే ముల్లు కదులుతోంది.

మాలో సైన్సు చెప్పినవారికి ఒళ్లు మండింది. "ఇది ప్రయోగమటమ్మా? బొమ్మలాట! చెయ్యి తడవకుండా ఈత నేర్పుతారా?" అని గట్టిగానే అన్నారు. పిల్ల ఏమీ అనలేదు. ముఖం చిన్నబుచ్చుకుని మళ్లీ తెర వైపు తిరిగింది.

ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. మాలో రెండోవారు చీకట్లోనే నెమ్మదిగా అడిగారు. "మీ స్కూల్లో బీరువా ఉండేది కదా, అందులో సామాను ఎంతమంది పిల్లలు ముట్టుకున్నారు?"

ఆ బీరువా సంగతి చెప్పక తప్పదు. మా పాఠశాలలో సైన్సు సామాను ఒక ఇనుప బీరువాలో ఉండేది. బ్యూరెట్లు, పిపెట్లు, గాజు పట్టకాలు, కటకాలు, ఒక గాల్వనామీటరు. ప్రతి వస్తువుకూ స్టాకు రిజిస్టరులో ఒక అంకె. పగిలితే సంజాయిషీ రాయాలి, ఒక్కోసారి డబ్బు కట్టాలి. అందుచేత తాళం జేబులోనే ఉండేది. తనిఖీకి ఎవరైనా వచ్చే ముందు రోజు బీరువా తెరిచి దుమ్ము దులిపేవాళ్లము. తరగతిలో 60 మంది. మాస్టారు బల్ల మీద ఒకసారి చేసి చూపిస్తే, ముందు బెంచీ వాళ్లకు కనబడేది. వెనక బెంచీల వాళ్లు బోర్డు చూసి రాసుకునేవారు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. లోలకం ప్రయోగం చేయించేటప్పుడు, గురుత్వ త్వరణం విలువ 9.8 రావాలని ముందే చెప్పేసేవాళ్లము. పిల్లలు గడియారం చూసి ఊగుడులు లెక్కపెట్టేవారు, 9.1 వచ్చినా 10.6 వచ్చినా పుస్తకంలో మాత్రం 9.8 అనే రాసేవారు. మేము చూసీ చూడనట్టు సంతకం పెట్టేవాళ్లము. చూడని దాన్ని చూశామని రాయడం ఆ పిల్లలకు నేర్పింది మేమే. చిన్న అబద్ధమే కదా అనిపిస్తుంది, కాని అది అలవాటవుతుంది. ఆ రాత్రి లెక్క చూసుకుంటే, 31 సంవత్సరాల్లో బ్యూరెట్టు కుళాయి తమ చేత్తో తిప్పిన పిల్లలు చాలా కొద్దిమందే అని తేలింది. అటువంటి మాకు మా పిల్ల తెరను బొమ్మలాట అనే హక్కు ఎక్కడిది?

మర్నాడు ఉదయం పిల్లను పిలిచి, "అదేమిటో మాకూ చూపించు తల్లీ" అని అడిగాము. అప్పటినుంచి మేము తెలుసుకున్నది ఇక్కడ క్లుప్తంగా చెబుతాము.

ఇటువంటి ప్రయోగశాలలు రెండు రకాలు. మొదటి రకంలో అసలు పరికరమే ఉండదు. ప్రకృతి సూత్రాన్ని లెక్కల రూపంలో కంప్యూటరుకు ఎక్కిస్తారు. మనం ఓల్టేజి పెంచితే, అసలు పరికరంలో ఎంత కరెంటు పారుతుందో అది లెక్కకట్టి తెర మీద చూపిస్తుంది. దీన్ని వర్చువల్ ల్యాబ్ అంటారు. రెండో రకంలో పరికరం నిజంగానే ఉంటుంది, కాకపోతే ఎక్కడో దూరాన ఒక గదిలో ఉంటుంది. విద్యార్థి తన ఊళ్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా దాన్ని నడుపుతాడు. కెమెరాలో చూస్తాడు. వచ్చిన కొలతలు అతని తెర మీదకు వస్తాయి. ఇది రిమోట్ ల్యాబ్. ఒక పరికరాన్ని ఒకసారికి ఒకరే వాడగలరు గనుక వంతు కోసం ఆగాలి. కాని అది చూపే కొలత నిజమైన కొలత. నిజమైన పరికరంలో ఉండే చిన్నచిన్న తేడాలన్నీ అందులో ఉంటాయి.

ఇది లాక్‌డౌన్‌లో పుట్టింది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో హెసూస్ దెల్ అలామో అనే ప్రొఫెసరు, 1998లోనే తన విద్యార్థులు ట్రాన్సిస్టరును ఇంటర్నెట్ మీదుగా కొలిచే ఏర్పాటు చేశారు. తరువాత ఆఫ్రికాలో నైజీరియా, ఉగాండా, టాంజానియా దేశాల విశ్వవిద్యాలయాలు కూడా ఆ పనిలో కలిశాయి. ఖరీదైన పరికరం కొనలేని చోట కూడా విద్యార్థి దాన్ని వాడగలగడం ఎంత మేలో ఆలోచించండి.

మన దేశంలో కేంద్ర విద్యాశాఖ 2009లో వర్చువల్ ల్యాబ్స్ అనే పథకం మొదలుపెట్టింది. ఢిల్లీ ఐ.ఐ.టి. ముందుండి నడిపించగా, మన హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీతో సహా అనేక సంస్థలు అందులో పాలుపంచుకున్నాయి. ఒక్కో ప్రయోగానికి ముందు సిద్ధాంతం, తరువాత చేసే పద్ధతి, ఆపైన ప్రయోగం, చివర ప్రశ్నలు ఉంటాయి. హైస్కూలు, ఇంటర్ పిల్లల కోసం అమృత విశ్వవిద్యాపీఠం, ముంబయిలోని సీ-డాక్ కలిసి ఓల్యాబ్స్ తయారుచేశాయి. అందులో 9వ తరగతి నుంచి 12వ తరగతి వరకు భౌతిక, రసాయన, జీవశాస్త్ర ప్రయోగాలున్నాయి.

మాలో సైన్సు చెప్పినవారి పట్టుదల సడలించిన సంగతి ఒకటుంది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంవారు ఫెట్ అనే ప్రయోగాల బొమ్మలు చేస్తున్నారు. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన కార్ల్ వైమన్ 2002లో దాన్ని ప్రారంభించారు. అక్కడ విద్యార్థులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజమైన బల్బులు, తీగలు, మీటర్లు ఇచ్చారు. రెండో జట్టుకు తెర మీది బొమ్మలే ఇచ్చారు. తరువాత అందరికీ నిజమైన సామాను ఇచ్చి సర్క్యూటు కట్టమన్నారు. తెర మీద నేర్చుకున్నవాళ్లే బాగా కట్టారు, బాగా వివరించారు. ఆ ఫలితం 2005లో ప్రచురించారు. తెర మీద తీగలో కరెంటు ఎటు పారుతోందో కంటికి కనబడుతుంది. నిజమైన తీగలో కనబడదు. బహుశా తేడా అక్కడే ఉంది.

మా కళ్ల ముందు జరిగింది కూడా అటువంటిదే. మా అమ్మాయి ఆ డయోడు ప్రయోగాన్ని ఒకసారి చేసి వదిలిపెట్టలేదు. ఓల్టేజి కొద్దికొద్దిగా పెంచింది. చాలాసేపు కరెంటు దాదాపు సున్నా. 0.7 ఓల్టుల దగ్గరకు రాగానే ఒక్కసారిగా లేచింది. "మళ్లీ చూడు నాన్నా" అని మొదటికి తెచ్చి మళ్లీ చేసింది. సిలికాన్ తీసి జెర్మేనియం పెట్టింది. అది 0.3 దగ్గరే లేచింది. డయోడును తిరగేసి పెట్టింది. కాలేజీ ల్యాబులో ఐదుగురికి ఒక సెట్టు, రెండు గంటల సమయం ఇస్తే ఇన్నిసార్లు ఎవరు చేయనిస్తారు? తిరగేసి చూస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు?

మాలో కుట్టుపని నేర్పేవారు అప్పుడన్నారు. "ఇది న్యూస్‌పేపరు కత్తిరింపు."

కుట్టు నేర్చుకునే పిల్లలకు మొదటిరోజే బట్ట ఇవ్వరు. పాత న్యూస్‌పేపరు ఇచ్చి జాకెట్టు కొలతలు గీయించి కత్తిరించమంటారు. చంక తిప్పడం తప్పితే కాగితమే పోయింది, ఇంకొకటి తీసుకోవచ్చు. ఇరవై కాగితాలు పాడుచేసిన పిల్లకు చెయ్యి తిరుగుతుంది, భయం పోతుంది. తెర మీద ప్రయోగం అటువంటిదే. రెసిస్టరు కాలదు, గాజు పగలదు, యాసిడ్ ఒలకదు, రిజిస్టరులో సంజాయిషీ రాయనక్కరలేదు.

ఆ పోలిక మాకు ఎంతో నచ్చింది. అయితే అందులో సగమే మేము ఆనాడు గ్రహించాము. మిగతా సగం మరుసటి ఏడాది కష్టంగా నేర్చుకున్నాము.

2021లో కాలేజీ మళ్లీ తెరిచారు. మా అమ్మాయి మూడో సంవత్సరంలో అడుగుపెట్టింది. ల్యాబులో 741 అనే ఐ.సి.తో ప్రయోగం. తెర మీద దాన్ని ఒక త్రిభుజం గుర్తుగా చూసి ఎన్నోసార్లు చేసింది. చేతికిచ్చింది మాత్రం ఎనిమిది కాళ్ల నల్లటి చిన్న ముక్క, నల్లపురుగులా ఉంది. త్రిభుజం ఎక్కడా లేదు. ఏడో కాలికి ప్లస్, నాలుగో కాలికి మైనస్ సప్లయి ఇవ్వాలి. పిల్ల కాళ్లు లెక్కపెట్టడంలో పొరబడి అటుది ఇటు ఇచ్చింది. స్విచ్చి వేయగానే ఐ.సి. వేడెక్కింది, వాసన వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ల్యాబు చూసుకునే ఆయన, "రెండో సంవత్సరం ఏం నేర్చుకున్నావమ్మా?" అని అందరి ముందూ అడిగాడు.

ఆ ఐ.సి. ఖరీదు పదిహేనో ఇరవయ్యో రూపాయలు. కాని ఆ రోజు నుంచి పిల్ల బల్ల దగ్గరకు వెళ్లడం మానేసింది. జట్టులో ఇద్దరు మగపిల్లలు చేస్తుంటే వెనక నిలబడి అంకెలు రాసుకునేది. మార్కులు బాగానే వచ్చాయి. మాకు ఏమీ చెప్పలేదు. డిసెంబరులో ఇంటికి వచ్చినప్పుడు, ఒక రాత్రి భోజనాలయ్యాక, "అమ్మా, నేను ఇంజనీరును కాలేనేమో. నాకు బొమ్మలు తప్ప ఏమీ రాదు" అని ఏడ్చింది. రికార్డు పుస్తకం తెచ్చి చూపించింది. ఎంతో అందంగా ఉంది. అందులో ఏ ఒక్కటీ తన చేత్తో చేయలేదు. మా పాఠశాలలో పిల్లలు రాసిన 9.8 మాకు గుర్తుకొచ్చింది.

న్యూస్‌పేపరు జారదు, సాగదు. బట్ట జారుతుంది. ఏటవాలుగా కత్తిరిస్తే సాగుతుంది. కత్తెర కింద మడతపడుతుంది. ఆ సంగతి కాగితం ఎన్నటికీ నేర్పదు. కాగితం మీద ఎంత చెయ్యి తిరిగినా, ఒకరోజు బట్ట మీద కత్తెర పెట్టవలసిందే. మొదటి బట్ట పాడవుతుంది. అప్పుడు నేర్పేవాళ్లు పక్కన నిలబడి, "పోనీలే, ఇంకొక ముక్క తీసుకో" అనాలి. మా పిల్లకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

కాలేజీకి వెళ్లి కనుక్కున్నాము. పేరు ఇక్కడ అనవసరం. కాలేజీ తెరిచాక కూడా కొన్ని ప్రయోగాలు తెర మీదే కానిచ్చేస్తున్నారు. సామాను అరగదు, విరగదు, మార్కులు ఎలాగూ వస్తాయి. సి.ఆర్.ఓ.లు కొన్ని అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. మా ఇనుప బీరువాయే అక్కడ ఇంకో రూపంలో కనబడింది. గట్టిగా అడగాలనిపించింది. కాని అదే పని 31 సంవత్సరాలు చేసినవాళ్లము గనుక నోరు పెద్దది చేయలేకపోయాము.

మరి నలుగురు తల్లిదండ్రులను కలుపుకుని మూడుసార్లు వెళ్లాము. మేము అడిగింది ఒకటే. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ల్యాబు తెరిచి ఉంచండి. మార్కులు వద్దు, రికార్డు వద్దు. ఏది పాడైనా దాని ఖరీదు మేము కడతాము. మూడోసారికి ఒప్పుకున్నారు.

అప్పటినుంచి మా అమ్మాయి శుక్రవారం రాత్రి హాస్టల్లో తెర మీద చేసుకునేది. శనివారం చేత్తో కట్టేది. తెర మీద వచ్చిన గీత నున్నగా ఉండేది. చేత్తో తీసిన కొలతలు గీతకు అటూ ఇటూ పడేవి. ఎందుకు పడ్డాయో వెతకడంలోనే అసలు చదువు ఉందని మెల్లగా తెలిసింది. బ్రెడ్‌బోర్డులో వదులుగా ఉన్న తీగ, రంగు పట్టీలు తప్పు చదివిన రెసిస్టరు, సి.ఆర్.ఓ. మీట తప్పు చోట ఉండటం వంటివి తెర చూపించనివి. ఆ ఏడాది ఇంకా మూడు ఐ.సి.లు కాల్చింది. అంత సంతోషంగా మేము ఎన్నడూ డబ్బు కట్టలేదు.

2023లో చదువు పూర్తయింది. ఒక కంపెనీవారు ఇంటర్వ్యూలో పాడైన బోర్డు ఒకటి చేతికిచ్చి తప్పెక్కడో వెతకమన్నారట. ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగమే అది.

మా కథ ఇంతటితో అయిపోలేదు. వేసవి సెలవుల్లో మా వసారాలో ఒక పక్క కుట్టుమిషను, ఇంకో పక్క అమ్మాయి పాత లాప్‌టాప్ ఉంటాయి. 9, 10 తరగతుల పిల్లలు ఏడెనిమిది మంది వస్తారు. కొలరాడోవారి సర్క్యూటు బొమ్మను అందులో దించి ఉంచాము. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. తెర పక్కనే ఒక పళ్లెంలో టార్చి సెల్లులు, చిన్న బల్బులు, తీగ ముక్కలు పెడతాము. రసాయనశాస్త్రానికి నిమ్మరసం, సబ్బునీళ్లు, పసుపు, మందారపూల రసం. ఆ పళ్లేనికి తాళం లేదు, రిజిస్టరూ లేదు. ఇంటి కరెంటు ప్లగ్గు జోలికి మాత్రం వెళ్లకూడదనేది ఒక్కటే నియమం.

మొన్న వేసవిలో ఒక కుర్రవాడు తెర మీద బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలకూ తీగ తగిలించాడు. బొమ్మలో బ్యాటరీకి మంట లేచింది. పకపకా నవ్వాడు. ఐదుసార్లు అదే చేశాడు. "నిజం సెల్లుతో చేసి చూడరా" అన్నాము. పళ్లెంలోంచి ఒక సెల్లు తీసుకుని తీగ రెండు కొసలూ అదిమిపట్టాడు. మంట రాలేదు. వాడి ముఖం వాడిపోయింది. అంతలో ఉలిక్కిపడి వదిలేసి, వేళ్లు చూసుకుంటూ, "మాస్టారూ, తీగ వేడెక్కింది!" అని అరిచాడు. మిగతా పిల్లలందరూ ఆ పళ్లెం చుట్టూ మూగారు. తెర దగ్గర ఎవరూ లేరు.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీరు అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే. తెర మీద ప్రయోగాలున్నాయని ఏ కాలేజీనీ వద్దనుకోకండి. అది ఉన్నందుకే చేర్చకండి కూడా. చేర్చే ముందు ల్యాబు చూపించమని అడగండి. తెర మీద చేసిన ప్రయోగాన్ని తరువాత పిల్ల తన చేత్తో చేస్తుందా? ఒక బల్ల దగ్గర ఎంతమంది నిలబడతారు? ఏదైనా కాలిపోతే ఏమంటారు? ఈ మూడూ అడగండి. మీకు చదువు లేదని వెనకాడవద్దు. బీరువాకు తాళం ఉందో లేదో చూడటానికి చదువు అక్కరలేదు.

పిల్ల సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కులు ఎన్ని వచ్చాయని తరువాత అడగవచ్చు. ముందు, "ఈసారి ఏం పాడుచేశావు తల్లీ?" అని అడగండి. ఏమీ పాడుచేయలేదంటే ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మేము ఆ పని ఆరు నెలలు ఆలస్యంగా చేశాము.